నొప్పి లేనివాడు నొక్కిన బటన్

“క్లైవ్ హాడ్‌ఫీల్డ్‌ని మీరు చంపారా, డాక్టర్?”

ఇంత ముక్కుసూటిగా అడగమని పోలీసు శిక్షణలో ఎవరూ నేర్పరు. కానీ మూడు రోజులుగా ఈ రాక్స్‌బీ ఆసుపత్రిలో ప్రతివాళ్లూ ఇదే ప్రశ్నని నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక తిరుగుతున్నారు. చూసీ చూసీ నాకు విసుగెత్తింది.

డాక్టర్ ఊనా పెట్రిడెస్ టీ కప్పు కింద పెట్టింది. ఈ ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ ఆమె. కళ్ల కింద నల్లటి చారలు. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో.

“చంపలేదనే అనుకుంటున్నాను, సార్జంట్ గారూ. నేనిచ్చినవాటిలో ప్రాణం తీసే మందు ఒక్కటీ లేదు. కానీ పొద్దున ఆపరేషన్ చేయించుకున్న మనిషి మధ్యాహ్నం భోజనాల బండి వచ్చేసరికి చల్లబడిపోయాడు. అదీ నిజమేగా.”

“ఏం ఇచ్చారో చెప్పండి. డాక్టర్ల భాషలో కాదు, మామూలు మనిషికి చెప్పినట్టు.”

“ఆపరేషన్ అయ్యాక నొప్పి పుడితే, దానిమీద మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు పొయ్యడం పాత పద్ధతి. నేను నొప్పిని ముందే పట్టుకుంటాను. మత్తులో మనిషికి తెలియకపోయినా కత్తి పడ్డంతసేపూ నరాలు మెదడుకి కబురు పంపిస్తూనే ఉంటాయి. అప్పుడే కొద్దిగా కెటమిన్, దాంతో వాపు తగ్గించే మందు ఇస్తాను. మెడ పక్కన నరం దగ్గర ఒక సూది వేస్తాను. ఆయనకి కుడి భుజం ఆపరేషన్. ఆ సూదితో కుడి చెయ్యి మర్నాటిదాకా మొద్దే. లేచాక నల్లమందు అవసరం పడదు, పడినా చిటికెడు.”

“కెటమిన్ ఊపిరి ఆపదా?”

“ఆ మోతాదులో ఆపదు. మార్ఫిన్ ఆపుతుంది. అందుకే, నొప్పేసినప్పుడు పేషెంటే బటన్ నొక్కి ఎక్కించుకునే మార్ఫిన్ పంపు ఆయనకి పెట్టొద్దని వార్డు గుమ్మం దగ్గర నా నోటితో చెప్పి మరీ వచ్చాను. ఆయన కోరిందీ అదే.” ఆమె టీ కప్పు పక్కకి జరిపింది. “ఆయన తమ్ముడి సంగతి మీకు తెలుసుగా.”

తెలుసు. ఈ తీరంలో తెలియనివాళ్లు లేరు. నీల్ హాడ్‌ఫీల్డ్ వెన్ను ఆపరేషన్ చేయించుకుని ఒక డబ్బా మాత్రలతో ఇంటికొచ్చాడు. నొప్పి పోయింది గానీ మాత్రలు పోలేదు. చివరికి గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో శవమై దొరికాడు. శవాన్ని దించింది నేనే. ఆపరేషన్‌కి ముందు క్లైవ్ ఈమెతో అన్నాడట: “డాక్టరమ్మా, ముప్ఫై ఏళ్లుగా గసగసాలు పండించి, మార్ఫిన్ తీసే మందుల కంపెనీకి పోస్తున్నాను. పండిస్తాను గానీ మింగను.”

“మీరు వద్దన్న పంపు ఆయన మంచం పక్కన ఉంది. రక్తంలో మార్ఫిన్ నిండుగా ఉంది.”

“అదే నాకూ అర్థం కావట్లేదు. నొప్పి ఉన్న మనిషికి ఆ నొప్పే కాపలా, సార్జంట్ గారూ. మార్ఫిన్ నిద్రలోకి లాగుతుంటే నొప్పి మేలుకొలుపుతుంది. నొప్పి లేని మనిషికి అదే మోతాదు ఇస్తే ఇక లాగడమే, లేపేవాడుండడు. నా పద్ధతి పని చేసింది. చేసింది కాబట్టే ఆ పంపు ఆయనకి విషమైంది. మరి నొప్పి లేనివాడు బటన్ ఎందుకు నొక్కినట్టు?”

తలుపు కొట్టకుండానే లోపలికొచ్చిన మనిషి ఆ ప్రశ్నకి జవాబు చెప్పాడు.

“నొప్పి ఉంది కాబట్టి. ఈవిడ పద్ధతి తుస్సుమంది కాబట్టి.”

రోజర్ ఫెనిక్. ఒకప్పుడు మా ఇన్‌స్పెక్టర్. నాకు ఈ పని నేర్పినవాడు. ఇప్పుడు పింఛను తీసుకుంటూ ఈ ఆసుపత్రికి భద్రతాధికారి. పాత అలవాటు పోలేదు, ఎవరు ఎక్కడ విచారిస్తున్నా వచ్చి కుర్చీ లాక్కుంటాడు.

“బ్రాన్, ఇంకా ఇక్కడే ఉన్నావా? పంపు లోపల అన్నీ నమోదవుతాయమ్మా. తర్వాతి మోతాదు సిద్ధమై పంపు మీద దీపం వెలిగిన ప్రతిసారీ ఆయన నొక్కాడు. ఒక్కసారి కూడా వదల్లేదు. అంటే ఎంత బాధపడ్డాడో చూడు. ఈవిడ కషాయాలన్నీ ఒంట్లో ఉండగా మార్ఫిన్ కూడా కలిసింది, ఊపిరి ఆగింది. దీనికి పెద్ద డిటెక్టివ్ కావాలా? మూడు గంటలకి ఆసుపత్రి బోర్డు కూర్చుంటుంది. ఈవిడ డాక్టరీ ఆపుతారు, ఈ పద్ధతి మూసేస్తారు, ఫిర్యాదు నీ చేతికిస్తారు. మీ కమాండర్‌తో మాట్లాడేశాను.”

“నా కమాండర్‌తో మీరు మాట్లాడారు. సంతోషం. వంట మీరు చేసి, విస్తరి మీరు వేసి, తినడానికి మాత్రం నన్ను పిలిచారన్నమాట.”

“నాలిక మాత్రం మారలేదు నీకు.”

“మీ దగ్గరే పదును పెట్టించుకున్నాను, సర్.”

ఊనా ఇవేవీ వినడం లేదు. నుదుటి మీద వేళ్లు పెట్టుకుని ఏదో ఆలోచిస్తోంది.

“దీపం వెలిగిన ప్రతిసారీనా?” అంది. “చివరిదాకా?”

“చివరిదాకా,” అన్నాడు ఫెనిక్.

“అలా ఎవరూ నొక్కరు. నొప్పి ఉంటే మొదట గబగబా నొక్కుతారు. మందు ఎక్కాక ఒకటి మర్చిపోతారు, రెండు మర్చిపోతారు, నిద్రపోతారు. ఆ పంపుకి ఉన్న రక్షణంతా అదే. నిద్రపోయేవాడు నొక్కడు. ఆయనకి ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉంది కాబట్టి ఆక్సిజన్ కొలిచే మీటరు చాలాసేపు మంచి అంకెలే చూపించి ఉంటుంది, గంట మోగి ఉండదు. కానీ మనిషి మాత్రం చాలాముందే మగతలోకి పోయి ఉండాలి. మరి వేలు ఎలా ఆడింది?”

“కోర్టులో చెప్పుకోండి,” అన్నాడు ఫెనిక్.

నేను లేచాను. “గది చూస్తాను. ఊనా, ఒక్క మాట. సెలైన్ సూది ఏ చేతికి పెట్టారు?”

“ఎడమ చేతికి. మోచేతి మడతలో. ఆయన ఎడమ చెయ్యి చూశారా? గడ్డి మోపులు కట్టే యంత్రంలో పడి బొటనవేలూ రెండు వేళ్లూ పోయాయి. మణికట్టుదాకా అంతా మచ్చలే, నరం దొరకలేదు. అందుకని మోచేతిలో వేసి, చెయ్యి వంగకుండా చెక్క బోర్డు కట్టాను. వంగితే సూది మూసుకుపోతుంది.”

ఫెనిక్ గోడ గడియారం వైపు చూశాడు. ఆయనకి ఇబ్బందిగా ఉన్నప్పుడు అలా చూస్తాడని నాకు తెలుసు. కానీ అప్పటికి ఎందుకో తెలియలేదు.

క్లైవ్ గది వార్డు చివర ఉంది. ఫెనిక్ కూడా నా వెంటే వచ్చాడు. గుమ్మానికి మా పోలీసు టేపు. నర్సు లినెట్‌ని పిలిపించాను. పాతికేళ్ల పిల్ల, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. మంచం, దానికి కుడివైపు పంపు తగిలించిన స్టాండు, ఎడమవైపు కిటికీ దగ్గర చూడవచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ. పంపుకున్న తీగ చివర బటన్. అది వేలాడుతున్నది స్టాండు వైపు కాదు. తీగ మంచం మీదుగా ఇటు దాటి, కుర్చీ చేతి మీద పడుంది.

“బటన్ నువ్వెక్కడ పెట్టావు?”

“ఆయన పొట్టమీద, దుప్పటికి క్లిప్పు పెట్టానండీ. ఎడమ చేతికి అందేలా.”

“ఆ చెయ్యి చూశావా?”

“లేదండీ. చలికి వణుకుతున్నాడని మెడదాకా దుప్పటి కప్పి తెచ్చారు. సెలైన్ గొట్టం చివర బయటే ఉంది, అక్కడే పంపు తగిలించాను.”

“డాక్టర్ పెట్రిడెస్ పంపు వద్దంది కదా. నువ్వెందుకు తగిలించావు?”

ఆ పిల్ల ఫెనిక్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“మిస్టర్ ఆకర్బీ పేషెంట్లందరికీ పంపు ఉంటుందండీ. మనిషి ఆపరేషన్ థియేటర్ నుంచి రాకముందే మంచం పరిచి, పంపు తగిలించి సిద్ధంగా పెట్టడం ఇక్కడ అలవాటు. డాక్టర్ వద్దనేసరికి ఏం చెయ్యాలో తెలియక మిస్టర్ ఆకర్బీకి ఫోన్ చేశాను. ‘ఉండనీ, అవసరం లేకపోతే నొక్కడుగా’ అన్నారు.”

ఆకర్బీ ఎముకల సర్జన్. సర్జన్లని ఇక్కడ డాక్టర్ అనరు, మిస్టర్ అంటారు. ఆ మిస్టర్ అన్న మాట దేవుడి మాట. తీరం మొత్తానికి ఆయనొక్కడే ఎముకలు అతికేవాడు మరి. ‘అవసరం లేకపోతే నొక్కడుగా.’ విన్నవాళ్లెవరికైనా సబబుగానే ఉంటుంది. నాకూ సబబుగానే అనిపించింది. అందరూ అదే నమ్ముకుని వాళ్ల పనుల్లో పడ్డారు. లినెట్‌ని పక్క వార్డులో ఎవరికో గుండె ఆగిందని లాక్కెళ్లారు.

నేను మోకాళ్లమీద కూర్చుని మంచం కింద, బీరువా కింద టార్చి వేశాను. దుమ్ము, ఒక సూది మూత, దూరంగా గోడ వారన ఒక చెక్క. చెయ్యి చాపి లాగాను. మెత్తటి గుడ్డ చుట్టిన బోర్డు, దానికి తెల్లటి అతుకు పట్టీలు. పట్టీలు ఊడదీసినవి కావు, కత్తెరతో కోసినవి.

“ఇది ఎప్పుడు కోశారు?”

“ఆయన గుండె ఆడించాలని నొక్కేటప్పుడండీ,” అంది లినెట్. “సూదిలోంచి మందు ఎక్కించాలని ఎవరో గబగబా కోసి అవతల పారేశారు. అది కట్టి ఉందని అప్పుడే చూశాను నేను. తర్వాత గుర్తే లేదు.”

“అంటే చనిపోయేదాకా ఆయన చేతికే ఉంది.”

నేను బూట్లు విప్పి మంచమెక్కి పడుకున్నాను.

“ఏం చేస్తున్నావు బ్రాన్?” అన్నాడు ఫెనిక్.

“జబ్బు చేసింది. లినెట్, నా కుడి చెయ్యి గుడ్డతో ఒంటికి కట్టు. ఎడమ మోచేతికి ఈ బోర్డు కట్టు. ఆరోజు ఎలా ఉందో అలాగే. బటన్ నువ్వు పెట్టినచోటే పెట్టు.”

చచ్చిపోయిన మనిషి మంచమ్మీద పడుకోవడం మంచి అనుభవమేమీ కాదు. లినెట్ కట్టింది. బటన్ నా పొట్టమీద ఉంది. ఎడమ చెయ్యి పక్కకి కర్రలా చాచుకుని ఉంది. మోచెయ్యి వంచాను, వంగలేదు. భుజంతో లేపి చేతిని మొత్తంగా పొట్టమీదకి ఈడ్చుకురావడానికి చూశాను. బోర్డు అంచు పక్కటెముకలకి తగిలి ఆగిపోయింది. నాకు అయిదు వేళ్లున్నాయి, మత్తు లేదు, వయసు కూడా ఆయనకంటే తక్కువ. చెమట పట్టింది గానీ బటన్ అందలేదు.

“రండి సర్,” అన్నాను. “మీరు నేర్పిందేగా, చేసి చూడందే నమ్మకూడదని. దీన్ని ఎలా నొక్కాలో చెప్పండి.”

“జారి చేతి దగ్గర పడి ఉంటుంది.”

“లినెట్, జార్చి చూడు. చేతిలో పెట్టు.” ఆమె పెట్టింది. నేను బొటనవేలూ, దాని పక్క రెండూ మడిచేసుకున్నాను. మిగిలిన రెండు వేళ్లతో ఆ గుండ్రటి బటన్‌ని పట్టుకోవడమే కుదరలేదు, ఇక నొక్కడం కూడానా. అది జారి కిందపడింది. “ఇలా దీపం వెలిగిన ప్రతిసారీ, చివరి ఊపిరిదాకా నొక్కాడా?”

ఫెనిక్ వంగి కిందపడిన బటన్ తీసి మంచమ్మీద పెట్టాడు.

“గదిలో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు,” అన్నాడాయన.

“బెరిల్ గారున్నారుగా,” అంది లినెట్. “ఆయన భార్య. పొద్దుటినుంచీ ఆ కుర్చీలోనే కూర్చున్నారు.” అని టక్కున నోరు మూసుకుంది. ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు. నేనేం ఆలోచిస్తున్నానో తనకీ అర్థమైంది.

 కట్లు విప్పించుకుని కూర్చున్నాను. అప్పుడు ఫెనిక్ ముఖం చూశాను. ఒక నర్సు పిల్లకి తగిలినంత దెబ్బ కూడా ఆయనకి తగల్లేదు. కొత్త సంగతి విన్నవాడి ముఖం కాదది.

“పెద్దావిడని కదపకు బ్రాన్. రేపు అంత్యక్రియలు పెట్టుకుని ఉంది. నేను ఆవిడతో మాట్లాడే వచ్చాను.”

“ఎప్పుడు?”

“పరామర్శకి వెళ్లానులే.”

“పరామర్శకి వెళ్లినవాడివి గదిలో ఎవరూ లేరని నాకెందుకు చెప్పావు రోజర్?”

సర్ అనడం మానేశానని ఇద్దరికీ వినిపించింది. ఆయన నాకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

“ఆలోచించు. పంపు ఉంచమన్నది ఆకర్బీ. ఆయన ఉద్యోగం పోతే థియేటర్ మూతపడుతుంది. తుంటి విరిగిన ప్రతి ముసలమ్మనీ హోబర్ట్ పెద్దాసుపత్రి దాకా మోసుకెళ్లాలి. పెట్రిడెస్ ఒంటరిది, ఇంకెక్కడైనా బతుకుతుంది. బెరిల్ జోలికి మాత్రం వెళ్లకు. అది మంచిది కాదు, నీకూ, ఆవిడకీ.”

“అందరికీ మంచిదే చూస్తావు. ఒక్క ఊనాకి తప్ప.”

బూట్లు వేసుకుని బయటికొచ్చేశాను. కోపంతో లేసులు కూడా కట్టుకోలేదు.

హాడ్‌ఫీల్డ్‌ల ఇంటికి రెండువైపులా గసగసాల చేలు పూతమీదున్నాయి. పంటని ముట్టుకుంటే ప్రాణాపాయమని కంచెకి బోర్డు. బెరిల్ వంటింట్లో రేపటికోసం గుడ్డు శాండ్‌విచ్‌లు చేస్తోంది. రొట్టె అంచులు కోసి ఒక గిన్నెలో వేస్తోంది, కోళ్లకి. చిన్నప్పుడు బడి బస్సు వీళ్ల గేటు దగ్గరే ఆగేది. వానొస్తే ఈ వంటింట్లోనే నిలబడేవాళ్లం.

“రా తల్లీ. కూర్చో. టీ తాగుతావా?”

“వద్దు బెరిల్. ఆ పనులు చెయ్యడానికి ఎవరూ లేరా?”

“చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది. ఊళ్లోవాళ్లందరూ వస్తారు. క్లైవ్‌కి గుడ్డులో కాస్త కారప్పొడి పడాలి, లేకపోతే ఆసుపత్రి తిండిలా ఉందనేవాడు.”

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. తీరా వచ్చాక అనుకున్నదేదీ నోట్లోకి రాలేదు.

“ఆరోజు ఆయనకి నొప్పిగా ఉందన్నాడా?”

“ఆయనా? అనడం కూడానా? వేళ్లు తెగిన రోజున చేతికి గోనె చుట్టుకుని ఆవుల దగ్గర పని ముగించుకుని మరీ ఇంటికొచ్చాడు. ఏమైందంటే ‘కాస్త గీరుకుంది’ అన్నాడు. ఆ మగవాళ్లంతే కదమ్మా, మీ నాన్న మాత్రం తక్కువా? మనమే కనిపెట్టి చూసుకోవాలి.”

“ఎలా కనిపెట్టారు?”

“మూలిగాడు. నర్సు పిల్ల ఆయన చెవి దగ్గర వంగి చెప్పిందిలే, నొప్పేస్తే ఈ బటన్ నొక్కండి, ఊరికే ఓర్చుకోకండి అని. ఆయనెక్కడ విన్నాడు, మళ్లీ నిద్రలో పడ్డాడు. నేను విన్నాను. ఆయన మూలిగితే బటన్ తీసుకుని నొక్కాను. దీపం ఆరిపోయి మళ్లీ ఆకుపచ్చగా వెలిగేది. వెలిగినప్పుడల్లా నొక్కాను. ఒక్కటీ వదల్లేదు.”

చట్టం ప్రకారం నేను అక్కడే ఆవిడని ఆపి, ఏమీ చెప్పనవసరం లేదని హెచ్చరించాలి. ఆపలేకపోయాను. ఆవిడ కత్తి కింద పెట్టి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

“మధ్యలో మూలుగు ఎక్కువైంది. గురక కూడా కాదు, లోపల్నుంచి ఈడ్చినట్టు. అయ్యో, ఇంకా తగ్గలేదు అనుకున్నాను. తర్వాత్తర్వాత నిమ్మళించాడు. హమ్మయ్య, ఇప్పటికి సుఖంగా పడుకున్నాడు మనిషి అనుకుని నా అల్లిక తీసుకున్నాను. రెండు వరసలు అల్లాను కూడా.”

“ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?”

“రోజర్‌కి చెప్పాను. ఆ సాయంత్రమే వచ్చాడు పాపం. భార్యలు నర్సుల పని చేశారని తెలిస్తే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, ఎవరితోనూ అనకు, క్లైవే నొక్కాడని చెప్పు అన్నాడు. సరే అన్నాను. చిన్నపిల్ల కదా. ఇవాళ ఏదో కాయితం తెస్తానన్నాడు, సంతకానికి.”

ఆ సాయంత్రమే. అంటే మొదటిరోజు నుంచీ ఆయనకి అంతా తెలుసు. తెలిసీ ఊనాని బలిపెట్టడానికి ముహూర్తం పెట్టాడు. పన్నెండేళ్లు ఆ మనిషి వెనక తిరిగి ఈ పని నేర్చుకున్నానని తలుచుకుంటే నాకు ఒళ్లు మండింది.

“బెరిల్, డాక్టర్ ఊనా మీద నింద పడింది. ఆవిడ ఇచ్చిన మందుల వల్లే క్లైవ్ పోయాడంటున్నారు. మూడు గంటలకి ఆవిడ పని పోతుంది. తర్వాత నేను ఆవిడని అరెస్టు చెయ్యాలి.”

“అదేంటి? ఆవిడేం చేసింది? ఆయనకి మొదట కాసేపు మెలకువ వచ్చినప్పుడు నాతో అన్నాడు, అసలు చేతిలో ఏమీ తెలియడం లేదే, భుజం కోశారో లేదో అని. నవ్వాడు కూడా.” ఆవిడ ఆగింది. తను అన్న మాటని తనే మళ్లీ విన్నట్టు నన్ను చూసింది. “నొప్పి లేదనే అన్నాడు.”

“లేదు బెరిల్. నొప్పి లేదు.”

“మరి మూలిగాడుగా.”

  ఆవిడ నెమ్మదిగా కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట చేను గాలికి ఊగుతోంది.

“ఒకేడు కంచె తెగి గొర్రెలు గసగసాల కాయల్లోకి వెళ్లాయి,” అంది వెనక్కి తిరక్కుండానే. “పొద్దున చూస్తే అన్నీ పడుకుని ఉన్నాయి. ఏదో నిద్రపోతున్నాయనుకున్నాను. క్లైవ్ పరుగెత్తుకొచ్చి తన్ని లేపాడు ఒక్కొక్కదాన్ని. పడుకోనివ్వకు, బెరిల్, పడుకుంటే ఊపిరి మర్చిపోతాయి అని అరిచాడు. అవి మూలుగుతున్నాయి. లోపల్నుంచి ఈడ్చినట్టు.”

ఆవిడ కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించింది. భుజాలు కదలలేదు. ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది.

“అదే మూలుగు,” అంది. “నాకు తెలిసిన మూలుగే. నాకు తెలియాలి కదమ్మా.”

“మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. బటన్ పేషెంటు తప్ప ఎవరూ ముట్టకూడదని ఒక్కమాట అంటే సరిపోయేది.”

“లేపాల్సింది. నేను నిద్రపుచ్చాను.”

గేటు చప్పుడైంది. ఫెనిక్ కారు. ఆయన లోపలికొచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు. చంకలో అట్టలో పెట్టిన కాయితం.

“బ్రాన్, ఆవిడతో ఏం మాట్లాడావు?”

“నువ్వు మాట్లాడనిది.”

“బెరిల్, ఈవిడ మాటలు పట్టించుకోకండి. ఇక్కడ చిన్న సంతకం చేస్తే మిమ్మల్ని ఇంకెవ్వరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు. క్లైవ్ తనే నొక్కుకున్నాడని, అంతే. మీ మంచికే చెబుతున్నాను.”

బెరిల్ కాయితం తీసుకుంది. కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకుని పూర్తిగా చదివింది. ఇద్దరం నిలబడే ఉన్నాం.

“డాక్టరమ్మ పేరు ఇందులో ఎందుకుంది రోజర్?”

“అది ఆసుపత్రి వ్యవహారం. మీకనవసరం.”

“క్లైవ్ ఆవిడని నమ్మి వెళ్లాడు. ఆవిడ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. నొప్పి లేకుండానే లేపింది.” ఆవిడ కాయితాన్ని మడిచి ఆయన చేతిలో తిరిగి పెట్టింది. “ఆయన నొక్కలేదు. ఆయన ఏ మందూ అడగలేదు. నలభై రెండేళ్లు ఆయనకేం కావాలో ఆయన నోరు తెరవకముందే చేసి పెట్టాను. అదే అలవాటున చేశాను. నొక్కింది నేను.”

“బెరిల్, ఆగండి. దానికి అర్థం ఏంటో మీకు తెలియదు. ఇది పోలీసు ముందు అన్న మాట.”

“తెలుసు. అందుకే బ్రాన్ ముందు అన్నాను.” ఆవిడ ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. నా వైపు తిరిగింది. ముఖం తెల్లగా, గట్టిగా ఉంది. “బ్రాన్, ఇలాంటప్పుడు మీరేదో చదవాలి కదా. చదువు. మూడింటిలోపు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి మనం.”

ఇరవై ఏళ్లుగా ఆ హెచ్చరిక చెబుతున్నాను. దొంగలకి చెప్పాను, తాగుబోతులకి చెప్పాను, పెళ్లాల్ని కొట్టేవాళ్లకి చెప్పాను. ఎన్నడూ ఒక్క మాట తడబడలేదు. ఆ వంటింట్లో, సగం కోసిన రొట్టెల ముందు నిలబడి మొదలుపెట్టాను.

“బెరిల్ హాడ్‌ఫీల్డ్, మీరు ఏమీ చెప్పనవసరం లేదు. చెప్పాలని అనుకుంటే తప్ప మీరు...”

తర్వాతి మాట దగ్గర తడబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“చెప్తాను తల్లీ,” అంది.